స్పీకర్లకు ఎన్ని వాట్ల ఆంప్ కావాలి? లెక్క కట్టి, కలిపి, సరిచూసుకునే పద్ధతి

"స్పీకర్ వెనక 100 వాట్లు అని రాసుంది. 50 వాట్ల ఆంప్ (ఆంప్లిఫయర్) సరిపోతుందా? 150 వాట్లది పెడితే కాలిపోతుందా?" ఈ ప్రశ్న ఎన్ని రకాలుగా అడిగినా జవాబు ఒక్కటే. 50 వాట్లదీ బాగానే పాడుతుంది, 150 వాట్లదీ బాగానే పాడుతుంది. వాల్యూమ్ మీద అదుపు లేకపోతే రెండూ స్పీకర్‌ని కాల్చేస్తాయి.

స్పీకర్ మీద రాసిన వాట్లు అది అడిగే పవర్ కాదు, తట్టుకోగల హద్దు. వంతెన దగ్గర 10 టన్నులు అని బోర్డు ఉంటే 10 టన్నుల బండి మాత్రమే ఎక్కాలని కాదు కదా, ఇదీ అంతే. ఆంప్ ఎంపికలో అసలు తేల్చేవి నాలుగు: స్పీకర్ సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కి అది ఎంత గట్టిగా పాడుతుందో), మీరు కూర్చునే దూరం, మీకు కావలసిన శబ్దం, స్పీకర్ ఇంపిడెన్స్ (కరెంటుకి అది చూపే అడ్డు, ఓమ్‌లలో). అందరూ మొదట అడిగే వాట్లు వీటి తర్వాతే.

కావలసినవి

- స్పీకర్ డేటా షీట్. లేకపోతే వెనక అతికించిన లేబుల్.
- ఆంప్ డేటా షీట్. ముందు భాగంలో మెరిసే అంకె కాదు, మాన్యువల్ చివరి పేజీల్లో ఉండే పట్టిక.
- కొలత టేపు.
- ఏసీ, డీసీ వోల్టులు, ఓమ్‌లు కొలిచే మామూలు డిజిటల్ మల్టీమీటర్.
- 120 హెర్ట్జ్ సైన్ టోన్ ఫైలు, మైనస్ 12 డెసిబెల్ స్థాయిలో తయారైనది. ఉచిత ఆడియో ఎడిటర్‌తో రెండు నిమిషాల్లో మీరే చేసుకోవచ్చు. ఆంప్లిట్యూడ్ 0.25 అని ఇస్తే చాలు, అదే మైనస్ 12.
- అసలు రాగి స్పీకర్ వైరు, చదరపు మిల్లీమీటర్లలో 1.5 లేదా 2.5.

1. స్పీకర్ నుంచి మూడు అంకెలు రాసుకోండి

మొదటిది ఇంపిడెన్స్: 8, 6 లేదా 4 ఓమ్‌లు. ఇది నామినల్ (పేరుకు చెప్పే) విలువ మాత్రమే, ఫ్రీక్వెన్సీని బట్టి మారుతూ ఉంటుంది. అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ ఐఈసీ రాసిన 60268-5 ప్రమాణం ప్రకారం అది ఎక్కడా నామినల్‌లో 80 శాతం కంటే దిగకూడదు, అంటే 8 ఓమ్‌ల స్పీకర్ 6.4 కంటే తగ్గకూడదు. తయారీదారులందరూ ఈ నియమం పాటించరు. 8 అని రాసి 4 దాకా దిగే స్పీకర్లూ ఉన్నాయి. డేటా షీట్‌లో "కనిష్ఠ ఇంపిడెన్స్" అని ఉంటే దాన్నే నమ్మండి.

లేబుల్ చిరిగిపోయిందా? స్పీకర్‌కి ఆంప్ వైర్లు పూర్తిగా తీసేసి, టెర్మినల్స్ మధ్య ఓమ్‌లు కొలవండి. ముందు మీటర్ రెండు ప్రోబ్‌లూ ఒకదానికొకటి ఆనించి వచ్చే విలువ చూసి, దాన్ని తీసెయ్యాలి. మీటర్ చూపేది డీసీ రెసిస్టెన్స్ కాబట్టి నామినల్ కంటే తక్కువే వస్తుంది. సుమారు 5.5 నుంచి 7 వస్తే 8 ఓమ్‌ల స్పీకర్, 3 నుంచి 3.7 వస్తే 4 ఓమ్‌లది. మధ్యలో 4.5 దగ్గర తేలితే 6 ఓమ్‌లు అనుకోండి.

రెండోది సెన్సిటివిటీ. "87 డెసిబెల్స్, 2.83 వోల్టులు, 1 మీటర్" అన్నట్టు ఉంటుంది. ఎనిమిది ఓమ్‌లకు 2.83 వోల్టులంటే సరిగ్గా 1 వాట్. ఇక్కడే ఒక తిరకాసు ఉంది. అవే 2.83 వోల్టులు 4 ఓమ్‌ల స్పీకర్‌కి ఇస్తే అది 2 వాట్లు తీసుకుంటుంది. కాబట్టి 4 ఓమ్‌ల స్పీకర్ మీద "90 డెసిబెల్స్, 2.83 వోల్టులు" అని ఉంటే 1 వాట్ లెక్కన అది 87 మాత్రమే. మార్పిడి గొడవ లేకుండా తేల్చుకోవాలంటే, 2.83 వోల్టుల అంకె ఇచ్చిన స్పీకర్‌కి ఓమ్‌లు ఎన్నైనా సరే ఆంప్ 8 ఓమ్‌ల వాట్లతో లెక్క కట్టండి. 4 ఓమ్‌లను ఆంప్ భరిస్తుందా లేదా అన్నది విడిగా నాలుగో మెట్టులో చూద్దాం.

మూడోది పవర్. "కంటిన్యువస్", "ఆర్‌ఎంఎస్", "నామినల్" అన్న మాటల పక్కన ఉన్నది తీసుకోండి. "ప్రోగ్రామ్" అని ఉంటే సగం చేయండి. "పీక్" అని ఉంటే నాలుగో వంతు చేయండి. పీఎంపీఓ అని ఉంటే కొట్టేయండి, అది పేరు గొప్ప ఊరు దిబ్బ వ్యవహారం. దాన్నుంచి అసలు వాట్లు రాబట్టే సూత్రమేదీ లేదు. "సిఫార్సు చేసిన ఆంప్ పవర్ 20 నుంచి 120 వాట్లు" లాంటి వరుస ఉంటే అందులోని పై అంకె పనికొస్తుంది, రాసుకోండి.

2. ఆంప్ నిజంగా ఇచ్చే వాట్లు తేల్చండి

వాట్ల పక్కన నాలుగు షరతులు లేకపోతే ఆ అంకెకి అర్థం లేదు: ఎన్ని ఓమ్‌లకు, ఎంత డిస్టార్షన్‌తో, ఏ ఫ్రీక్వెన్సీ పరిధిలో, ఎన్ని చానెళ్లు ఒకేసారి నడుస్తుండగా. "2 చానెళ్లు కలిసి, 8 ఓమ్‌లు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, 0.08 శాతం టీహెచ్‌డీ (డిస్టార్షన్ కొలత), 60 వాట్లు" అని ఉంటే ఆ 60 నిజం 60. "6 ఓమ్‌లు, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం టీహెచ్‌డీ, ఒక చానెల్, 140 వాట్లు" అని ఉన్నా అది ఇంచుమించు అదే ఆంప్ కావచ్చు. ఈ గందరగోళం మీదే అమెరికాలో వాణిజ్య నియంత్రణ సంస్థ ఎఫ్‌టీసీ 1974లో ఆంప్ వాట్ల ప్రకటనలకు నియమం పెట్టింది. 2024లో దాన్ని సవరించి, 8 ఓమ్‌లకు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు, 1 శాతం లోపు డిస్టార్షన్‌తో చెప్పాలని ఖాయం చేసింది.

పది శాతం డిస్టార్షన్‌తో ఇచ్చిన వాట్లను 0.8తో గుణిస్తే 1 శాతం దగ్గర వచ్చే వాట్లు దాదాపుగా తెలుస్తాయి. 50 అన్నది 40 అవుతుంది. హోమ్ థియేటర్‌కి వాడే ఏవీ రిసీవర్లలో ఒక చానెల్‌కి, రెండు చానెళ్లకి, అన్ని చానెళ్లకి విడివిడి అంకెలుంటాయి. మీరు స్టీరియో వింటున్నారు కాబట్టి రెండు చానెళ్లదే చూడండి.

అడాప్టర్‌తో నడిచే చిన్న క్లాస్-డీ (స్విచింగ్ పద్ధతిలో పనిచేసే) ఆంప్‌ల సంగతి విడిగా చెప్పాలి, ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే. డబ్బా మీద "100 వాట్లు + 100 వాట్లు" అని ఉంటుంది, దానితో వచ్చే అడాప్టర్ మీదేమో 19 వోల్టులు, 3.42 ఆంపియర్లు. రెండూ గుణించండి: 65 వాట్లు. గోడలోంచి వచ్చేదే 65 అయినప్పుడు స్పీకర్లకు నిలకడగా 200 ఎక్కడినుంచి వస్తాయి?

పైగా వోల్టేజీ వేరే గోడ కడుతుంది. బ్రిడ్జ్ అవుట్‌పుట్ ఉన్న (స్పీకర్ రెండు కొసలనూ సిగ్నల్‌తో నడిపే) ఇలాంటి ఆంప్‌లో గరిష్ఠ పవర్ ఎంతో తెలియాలంటే అడాప్టర్ వోల్టులను వాటితోనే గుణించి, స్పీకర్ ఓమ్‌లకు రెట్టింపుతో భాగించండి. ఎనిమిది ఓమ్‌లకు వచ్చే ఫలితాలు ఇవి:

- 19 వోల్టులు: 22.5 వాట్లు
- 24 వోల్టులు: 36 వాట్లు
- 32 వోల్టులు: 64 వాట్లు
- 48 వోల్టులు: 144 వాట్లు

ఇవి కాగితం మీది గరిష్ఠాలు, చిప్‌లో పోయేది పోగా ఇంకాస్త తగ్గుతాయి. నాలుగు ఓమ్‌లకు ఇవే రెట్టింపవుతాయి, అయితే అడాప్టర్ ఆంపియర్లు అందుకోవాలి. అడాప్టర్ మార్చి వాట్లు పెంచుదామనుకుంటే ముందు ఆంప్ గరిష్ఠ వోల్టేజీ చూడండి. లోపలి కెపాసిటర్లు 25 వోల్టులవైతే 32 వోల్టుల అడాప్టర్ పెట్టగానే అవి పొంగి పగులుతాయి.

3. మీకు ఎన్ని వాట్లు కావాలో లెక్క కట్టండి

కూర్చునే చోటి నుంచి స్పీకర్ దాకా టేపు పెట్టి కొలవండి. తర్వాత ఈ లెక్క:

- సెన్సిటివిటీ అంకెతో మొదలుపెట్టండి.
- దూరానికి తీసెయ్యండి: 2 మీటర్లకు 6, 3 మీటర్లకు 9.5, 4 మీటర్లకు 12.
- రెండు స్పీకర్లు కలిసి పాడుతున్నందుకు, గోడలు కొంత శబ్దాన్ని తిప్పికొడుతున్నందుకు 5 కలపండి.

ఇలా వచ్చింది, ఒక్కో స్పీకర్‌కి 1 వాట్ ఇస్తే మీ కుర్చీ దగ్గర వినపడే శబ్దం. కావలసిన గరిష్ఠం లోంచి దాన్ని తీసెయ్యండి. బాగా గట్టిగా వినేవారికి సగటు 85, పాటలో వచ్చే డ్రమ్ము దెబ్బల్లాంటి ఉబుకులకు మరో 15 కలిపి 100 డెసిబెల్స్ లక్ష్యంగా పెట్టుకోవచ్చు. మామూలుగా వినేవారికి 94 చాలు. మిగిలిన తేడాను వాట్లలోకి ఇలా మార్చండి:

- 3 డెసిబెల్స్: 2 వాట్లు
- 6: 4 వాట్లు
- 10: 10 వాట్లు
- 13: 20 వాట్లు
- 15: 32 వాట్లు
- 17: 50 వాట్లు
- 20: 100 వాట్లు

ఉదాహరణకి 87 డెసిబెల్స్ స్పీకర్, 3 మీటర్ల దూరం. 87 లోంచి 9.5 తీసి 5 కలిపితే 82.5. వందకి చేరాలంటే ఇంకా 17.5 కావాలి, అంటే 56 వాట్లు. అదే కుర్చీ, అదే గది, స్పీకర్ మాత్రం 84 డెసిబెల్స్‌ది అయితే 112 వాట్లు. 90ది అయితే 28 చాలు. స్పీకర్ మారితే ఆంప్ అవసరం నాలుగింతలు మారుతోంది. వాట్ల కోసం వెతికే ముందు సెన్సిటివిటీ చూడమనేది ఇందుకే.

ఈ పట్టికే ఇంకో సంగతి కూడా చెబుతుంది. ఉన్న 50 వాట్ల ఆంప్ తీసేసి 70 వాట్లది తెచ్చుకుంటే దక్కేది 1.5 డెసిబెల్స్. పక్కపక్కన పెట్టి వింటే తప్ప తేడా పట్టుకోలేరు. శబ్దం రెట్టింపైనట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పదింతల వాట్లు. కుర్చీని 3 మీటర్ల నుంచి 2 మీటర్లకు జరిపితే లెక్క ప్రకారం 3.5 డెసిబెల్స్ ఊరికే వస్తాయి. గదిలో ప్రతిధ్వని వల్ల అది కొంత తగ్గినా, జరపడానికి ఖర్చేమీ లేదు.

చెవి సంగతి కూడా లెక్కలో వేసుకోండి. అమెరికాకు చెందిన కార్మిక ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ సిఫార్సు ప్రకారం సగటు 85 డీబీఏ (చెవికి వినపడే తీరుకు తగ్గట్టు సరిచేసిన డెసిబెల్స్) శబ్దంలో 8 గంటలు హద్దు. ప్రతి 3 పెరిగినప్పుడల్లా సమయం సగమవుతుంది. సగటు 94 అయితే గంట, 100 అయితే 15 నిమిషాలు. పై లెక్కలోని 100 ఉబుకులకే, సగటుకు కాదు.

4. ఇంపిడెన్స్ కలుస్తుందో లేదో చూడండి

నియమం సూటిగా ఉంటుంది: ఆంప్ వెనక రాసిన కనిష్ఠ ఓమ్‌ల కంటే స్పీకర్ ఓమ్‌లు తక్కువ కాకూడదు. ఎక్కువైతే నష్టం లేదు, వాట్లు తగ్గుతాయంతే. 8 నుంచి 16 ఓమ్‌లు అని రాసిన ఆంప్‌కి 4 ఓమ్‌ల స్పీకర్ తగిలిస్తే తక్కువ వాల్యూమ్‌లో చాలాకాలం ఏమీ కాదు. ఒకరోజు వాల్యూమ్ పెంచుతారు, కరెంటు రెట్టింపు లాగుతుంది, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు వేడెక్కి ప్రొటెక్షన్ పడుతుంది. ప్రొటెక్షన్ సరిగా లేని ఆంప్ అయితే ట్రాన్సిస్టరే పోతుంది.

స్పీకర్-ఎ, స్పీకర్-బి రెండు జతలకూ టెర్మినల్స్ ఉన్నాయని రెండూ ఒకేసారి నడిపేవారు ఇక్కడ ఆగండి. చాలా ఆంప్‌లలో ఎ, బి ప్యారలల్‌గా కలుస్తాయి. రెండు 8 ఓమ్‌ల జతలు కలిస్తే 4 ఓమ్‌లు, రెండు 6 ఓమ్‌లవి కలిస్తే 3. మాన్యువల్‌లో "ఎ లేదా బి: 4 ఓమ్‌లు, ఎ ప్లస్ బి: 8 ఓమ్‌లు" అని ఉండే వరుసకు అర్థం ఇదే: రెండూ కలిపి వాడితే ఒక్కో స్పీకర్ కనీసం 8 ఉండాలి.

బ్రిడ్జ్ మోడ్‌లో (రెండు చానెళ్లు కలిసి ఒకే స్పీకర్‌ని నడిపేలా) పెట్టిన పవర్ ఆంప్‌లో ఒక్కో చానెల్‌కి స్పీకర్ ఓమ్‌లలో సగమే కనిపిస్తుంది. 8 ఓమ్‌ల స్పీకర్ దానికి 4లా తోస్తుంది. బ్రిడ్జ్‌కి వేరే కనిష్ఠం రాసుంటుంది, అదే చూడండి. వాల్వ్ ఆంప్ (గాజు గొట్టాలతో పనిచేసేది) అయితే స్పీకర్ ఓమ్‌లకు సరిపోయే ట్యాప్‌కి (ఆ ఓమ్‌లు రాసిన టెర్మినల్‌కి) తగిలించాలి. అసలు స్పీకరే లేకుండా దాన్ని ఆన్ చేసి పాట పెట్టకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతింటుంది.

ఓమ్‌లు పెంచుదామని స్పీకర్‌కి వరుసగా రెసిస్టర్ కలిపే చిట్కా అక్కడక్కడా కనిపిస్తుంది. పవర్‌లో సగం రెసిస్టర్‌లో వేడిగా పోతుంది, బేస్ వదులవుతుంది, స్వరం మారుతుంది. వద్దు.

5. పై హద్దు సరిచూడండి

మూడో మెట్టులో వచ్చిన వాట్లు స్పీకర్ కంటిన్యువస్ పవర్ కంటే తక్కువగా ఉంటే మీరు సురక్షితం. దాన్ని దాటుతుంటే ఆ స్పీకర్ మీ గదికి చిన్నది. ఆంప్ పెంచి లాభం లేదు, సెన్సిటివిటీ ఎక్కువున్న స్పీకర్ వెతకాలి.

"ఆంప్ వాట్లు స్పీకర్ వాట్లకు ఒకటి నుంచి రెండింతల మధ్య ఉండాలి" అనే సూత్రం చాలాచోట్ల వినిపిస్తుంది. గట్టిగా వినేవారికి అది పర్వాలేదు. లెక్కలో 30 వాట్లు చాలని తేలినవారు మాత్రం దానికోసం 150 కొననక్కర్లేదు.

చిన్న ఆంప్ స్పీకర్‌ని కాల్చేస్తుందన్న మాట సగం నిజం. చిన్నదైనంత మాత్రాన కాల్చదు, దాని శక్తికి మించి తిప్పితే కాలుస్తుంది. పవర్ అయిపోయాక తరంగం పైభాగం కత్తిరించినట్టు చదునవుతుంది, దీన్నే క్లిప్పింగ్ అంటారు. బేస్ ఉబుకులు అక్కడే ఆగిపోతాయి, వాల్యూమ్ తిప్పేకొద్దీ పైస్వరాలు మాత్రం పెరుగుతూనే ఉంటాయి. వాటికి క్లిప్పింగ్‌లో పుట్టిన కొత్త హార్మోనిక్‌లు తోడవుతాయి. ఇదంతా వెళ్లేది పైస్వరాలు పాడే చిన్న స్పీకర్‌కే, అంటే ట్వీటర్‌కే. 100 వాట్ల స్పీకర్ అన్నా అందులో ట్వీటర్ నిలకడగా భరించేది చాలా కొద్ది వాట్లే. మామూలు పాటలో పైస్వరాల వాటా తక్కువ కాబట్టి రోజూ బతికిపోతుంది. పూర్తిగా క్లిప్ అయిన 50 వాట్ల ఆంప్ దాదాపు 100 వాట్లు ఇవ్వగలదని గుర్తుంచుకోండి. చదును తరంగం సగటు పవర్ సైన్ తరంగానికి రెట్టింపు.

6. వైర్లు కలపండి

పాత ఆంప్ అయితే స్పీకర్ తగిలించకముందే ఒక పరీక్ష చేయండి. ఆన్ చేసి, వాల్యూమ్ సున్నాలో పెట్టి, స్పీకర్ టెర్మినల్స్ మధ్య డీసీ మిల్లీవోల్టులు కొలవండి. 50 లోపు ఉంటే మంచిది. 100 దాటితే రిపేర్‌కి చూపించండి. వోల్టుల్లో ఉంటే స్పీకర్ తగిలించనే వద్దు, వూఫర్ (బేస్ పాడే పెద్ద స్పీకర్) కాయిల్ నిమిషాల్లో మాడుతుంది. ఈ పరీక్ష వాల్వ్ ఆంప్‌కి కాదు.

వైరు మందం దూరాన్ని బట్టి ఉండాలి. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 5 మీటర్లు పోతే రానూపోనూ కలిపి సుమారు 0.12 ఓమ్ అవుతుంది. 8 ఓమ్‌ల స్పీకర్‌కి ఇది లెక్కలోకి రాదు, 4 ఓమ్‌లకీ పర్వాలేదు. 10 మీటర్లు, 4 ఓమ్‌లు అయితే 2.5 వాడండి. రాగి పూత పూసిన అల్యూమినియం వైరుకు రెసిస్టెన్స్ ఒకటిన్నర రెట్లు ఉంటుంది, కొనేటప్పుడు గీకి చూస్తే లోపల వెండిరంగు కనిపిస్తుంది. (తగరం పూసిన రాగి వైరు పైకి వెండిరంగులో ఉండి, గీకితే ఎర్రగా కనిపిస్తుంది. రెండూ కలగలపకండి.)

కలిపేటప్పుడు ఆంప్ ప్లగ్ తీసి ఉండాలి. ఇన్సులేషన్ 10 మిల్లీమీటర్లు తీసి, పోగులు గట్టిగా మెలేసి దూర్చండి. బయటికి తొంగిచూసే ఒక్క వెంట్రుకవాసి పోగు పక్క టెర్మినల్‌కి తగిలినా షార్టే. ఆంప్ ప్లస్ స్పీకర్ ప్లస్‌కి, మైనస్ మైనస్‌కి పోవాలి.

క్లాస్-డీ చిన్న ఆంప్‌లకు ఇంకో హెచ్చరిక: వాటిలో మైనస్ టెర్మినల్ గ్రౌండ్ కాదు, అక్కడ కూడా సిగ్నల్ నడుస్తుంది. ఎడమ, కుడి మైనస్‌లు ఒకదానికొకటి కలపకండి. స్పీకర్ లైన్ నుంచి సిగ్నల్ తీసుకునే సబ్‌వూఫర్‌కి ఆ మైనస్ తగిలించే ముందు రెండింటి మాన్యువల్ చూడండి.

స్పీకర్ వెనక నాలుగు టెర్మినల్స్ ఉంటే వాటిని కలిపే లోహపు పట్టీలు ఉన్నాయో లేదో చూడండి. అవి లేకపోతే ఒక జతకి వైరు పెట్టినప్పుడు వూఫరో ట్వీటరో ఒకటే పాడుతుంది, మీరేమో ఆంప్‌ని తిడుతుంటారు.

7. నిజంగా ఎంత వాడుతున్నారో కొలవండి

లెక్క అంచనా మాత్రమే. ఈ పరీక్ష మీ గదిలో, మీ చెవికి ఎంత పవర్ అవుతోందో తేల్చేస్తుంది. కొత్త ఆంప్ కొనాలా వద్దా అన్న సందేహం ఉన్నవారు ఉన్న ఆంప్‌తోనే ముందు ఇది చేయాలి.

క. ప్లేయర్‌లో ఈక్వలైజర్, వాల్యూమ్ నార్మలైజేషన్ రెండూ ఆపండి. ఆంప్‌లో టోన్ నాబ్‌లు మధ్యలో పెట్టి, లౌడ్‌నెస్ బటన్ ఆఫ్ చేయండి.

ఖ. ఎప్పుడైనా మీరు వినగలిగిన అతి గట్టి స్థాయికి వాల్యూమ్ తెచ్చి ఒక పాట పెట్టండి. స్వరం పగలడం మొదలైతే కొంచెం తగ్గించండి. ఆ నాబ్ ఇక కదపొద్దు.

గ. పాట ఆపి, ఆంప్ ఆఫ్ చేసి, రెండు స్పీకర్ల వైర్లూ ఆంప్ నుంచి తీసేయండి. వాల్వ్ ఆంప్‌కి మాత్రం ఇలా చేయకండి, 8 ఓమ్‌ల పెద్ద పవర్ రెసిస్టర్ తగిలించాకే టోన్ పెట్టండి.

ఘ. మల్టీమీటర్‌ని ఏసీ 20 వోల్టులలో పెట్టి ప్రోబ్‌లు ఒక చానెల్ ప్లస్, మైనస్‌లకు ఆనించండి. ఆంప్ ఆన్ చేసి, అదే ప్లేయర్ నుంచి 120 హెర్ట్జ్ టోన్ నడపండి. ప్రోబ్‌లు ఒకదానికొకటి తగలకూడదు.

ఙ. టోన్ పూర్తి స్థాయిలో నాలుగో వంతే కాబట్టి, వచ్చిన వోల్టులను 4తో గుణించండి. దాన్ని దానితోనే గుణించి స్పీకర్ ఓమ్‌లతో భాగించండి. అదే మీకు కావలసిన ఆంప్ వాట్లు.

మీటర్ 2 వోల్టులు చూపిందనుకోండి. నాలుగింతలు 8, ఎనిమిది ఎనిమిదులు 64, దాన్ని 8 ఓమ్‌లతో భాగిస్తే 8 వాట్లు. అతి గట్టిగా వింటేనే 8 వాట్లు! చాలామందికి ఈ పరీక్షలో ఆశ్చర్యపోయేంత చిన్న అంకె వస్తుంది. ఐదు వోల్టులు వస్తే 50 వాట్లు, ఏడు వస్తే 98.

తిరగేసి కూడా వాడుకోవచ్చు. 8 ఓమ్‌లకు 20 వాట్ల ఆంప్ అయితే మీటర్ 3.2 వోల్టులు దాటిన నాబ్ స్థానంలో ఉబుకులు క్లిప్ అవుతాయి. 50 వాట్లదానికి ఆ హద్దు 5, 100 వాట్లదానికి 7. ఆ స్థానం దగ్గర నాబ్ పక్కన పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకోండి. ప్లేయర్ మారితే గీత కూడా మారుతుంది, మళ్లీ కొలవాలి.

కొలత అయ్యాక వాల్యూమ్ సున్నాకి తెచ్చి, ఆంప్ ఆఫ్ చేసి, అప్పుడు స్పీకర్లు తిరిగి కలపండి. టోన్ నడుస్తుండగా స్పీకర్ తగిలిస్తే ట్వీటర్ కాకపోయినా మీ గుండె అదురుతుంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

వాల్యూమ్ నాబ్‌ని వాట్ల మీటర్ అనుకోవడం. "నాబ్ సగంలోనే ఉంది, ఇంకా సగం పవర్ మిగిలే ఉంది" అనుకుంటారు. సీడీ ప్లేయర్లు, డాక్‌లు (డిజిటల్ పాటను ఆడియో సిగ్నల్‌గా మార్చే పెట్టెలు) గరిష్ఠంగా సుమారు 2 వోల్టులు ఇస్తాయి. చాలా ఆంప్‌లు అందులో పదో వంతు నుంచి నాలుగో వంతుకే పూర్తి పవర్‌కి చేరతాయి. నాబ్ సగానికి రాకముందే ఆంప్ పని అయిపోవచ్చు.

బేస్ నాబ్ మర్చిపోవడం. బేస్ 6 డెసిబెల్స్ పెంచితే ఆ స్వరాలకు నాలుగింతల పవర్, 10 పెంచితే పదింతలు. పైన లెక్కలో 56 వాట్లు తేలినవారు బేస్ మొత్తం తిప్పేస్తే 560 కావాలి. బేస్ తక్కువనిపిస్తే ముందు స్పీకర్‌ని గోడకి దగ్గరగా జరిపి చూడండి. లేదా సొంత ఆంప్ ఉన్న సబ్‌వూఫర్ పెట్టి, స్పీకర్లకు 80 హెర్ట్జ్ కింద పోకుండా హై-పాస్ వేయండి. ఆంప్ మీది బరువు బాగా తగ్గుతుంది.

రిసీవర్ వెనక ఉన్న ఇంపిడెన్స్ స్విచ్‌ని స్పీకర్ ఓమ్‌లకు "సరిపెట్టడం". చాలా వాటిలో దాన్ని 4కి మారిస్తే లోపలి సప్లై వోల్టేజీ తగ్గి, గరిష్ఠ పవర్ పడిపోతుంది, వేడి తగ్గించడానికి పెట్టిన ఏర్పాటు అది. స్వరం మెరుగుపడదు. మాన్యువల్ చెప్పినట్టు పెట్టి వదిలేయండి.

ఒక స్పీకర్‌కి ప్లస్ మైనస్ తారుమారు కావడం. ఇది జరిగితే స్పీకర్ పాడవదు, కానీ బేస్ మాయమవుతుంది, గాయకుడి గొంతు మధ్యలో నిలవకుండా గదంతా చెదిరిపోతుంది. పవర్ చాలట్లేదనుకుని వాల్యూమ్ పెంచుతారు. అనుమానం వస్తే ఆంప్ వైర్లు తీసేసి, 1.5 వోల్టుల పెన్సిల్ సెల్‌ని స్పీకర్ టెర్మినల్స్‌కి ఒక్క క్షణం తాకించండి. సెల్ ప్లస్ స్పీకర్ ప్లస్‌కి తగిలినప్పుడు వూఫర్ కోన్ ముందుకి రావాలి. రెండు స్పీకర్లలో ఒకేలా కదలాలి.

ఆంప్ మీద ప్లేయరో రౌటరో పెట్టి గాలి ఆడకుండా చేయడం. క్లాస్-డీ కంటే ఎక్కువ వేడెక్కే క్లాస్-ఏబీ ఆంప్ పైన కనీసం 10 సెంటీమీటర్లు ఖాళీ వదలాలి.

వింటూ ఏం గమనించాలి

అరగంట గట్టిగా పాడించాక ఆంప్ పైకప్పు మీద అరచెయ్యి ఆనించండి. వెచ్చగా ఉండటం మామూలే. ఐదు సెకన్లు చెయ్యి ఉంచలేకపోతే గాలి చాలట్లేదు, లేదా స్పీకర్ ఓమ్‌లు ఆంప్‌కి మరీ తక్కువ.

"స", "ష" అక్షరాలు గీకినట్టు వినపడితే, డ్రమ్ము దెబ్బ "ధబ్" అనకుండా "ఫట్" అంటే అది క్లిప్పింగ్. వెంటనే వాల్యూమ్ తగ్గించండి. తగ్గించినా గీకుడు పోకపోతే ఫైలే అలా రికార్డయి ఉండొచ్చు, ఇంకో పాటతో చూడండి. గట్టి బేస్ దగ్గర వూఫర్ నుంచి "టక్ టక్" అని లోహం తగిలినట్టు వస్తే కాయిల్ దాని హద్దు దాటి కదులుతోంది. ఇది ఆంప్ లోపం కాదు, వాట్లు పెంచితే ఇంకా త్వరగా పోతుంది.

ఒక పక్క పైస్వరాలు మందగించినట్టు అనిపిస్తే ఎడమ, కుడి స్పీకర్ల వైర్లు ఆంప్ దగ్గర తారుమారు చేసి చూడండి. లోపం రెండో స్పీకర్‌కి మారితే తప్పు ఆంప్‌ది లేదా ప్లేయర్‌ది. అదే స్పీకర్‌లో ఉండిపోతే ట్వీటర్ పోయినట్టే. ట్వీటర్ వైర్లు ఒకటి విప్పి ఓమ్‌లు కొలవండి. మంచి ట్వీటర్ 3 నుంచి 7 మధ్య ఏదో ఒకటి చూపుతుంది. మీటర్ ఏమీ చూపకపోతే కాయిల్ తెగింది. కొత్తది వేసే ముందు ఏడో మెట్టు పరీక్ష చేసి పెన్సిల్ గీత పెట్టండి, లేకపోతే అదీ అలాగే పోతుంది.